పేరు పెట్టి పాడిన శోకం

నా తండ్రి చనిపోయాడని ఒక పాట విని తేల్చి చెప్పిన మనిషి పోయిన చలికాలం కన్నుమూశాడు. ఆయన మా అవ్వకు తమ్ముడు, మా బాపుకు మేనమామ. డోలు కొడుతూ ఒగ్గు కథలు పాడి చెప్పేవాడు కాబట్టి పిల్లలమంతా ఒగ్గు తాత అనేవాళ్ళం. దినాలకు వెళ్ళినప్పుడు ఆయన డోలు ఇంటి దూలానికి వేలాడుతూ కనిపించింది. తోలు వదులైపోయింది, ఎవరో దాని మీద తడి తువ్వాల ఆరేశారు. బాపు దాని వైపు చూడలేదు. వాకిట్లో అందరికన్నా చివర కూర్చుని, పెట్టింది తిని, బస్సుకు వేళవుతోందని లేచాడు. దారిలో నాతో ఒక్క మాటే అన్నాడు. "మంచోడే బిడ్డా. చెవి గూడ మంచిదే. గంతే." చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటున్నదాన్ని, చూసిన కోడిపిల్లల గురించి, చదివిన పుస్తకాల గురించి పేజీలు నింపినదాన్ని, ఆ సంగతి మాత్రం ఎన్నడూ రాసుకోలేదు. రాస్తే ఏమవుతుందోనన్న భయం ఉండేది. ఇప్పుడు రాస్తున్నాను కానీ, బాపు పాత పేరు మాత్రం ఇక్కడ కూడా రాయను.

మాది దేవరకొండ నుంచి దిండి వైపు పోయే దారిలో, రోడ్డుకు దూరంగా ఉన్న ఊరు. గుట్టలు, రాళ్ళు, బలుసు పొదలు, వాన పడితే జొన్న, పడకపోతే ఏమీ లేదు. మేము కురుమలం. ఇంటికన్నా దొడ్డి పెద్దది. నల్ల గొర్లు. పొద్దున నాకు మెలకువ వచ్చేది వాటి వాసనతోనే. ఎండిన పెంటికల వాసన, తడిసిన ఉన్ని వాసన, పాలు తాగే పిల్లల మూతుల దగ్గర ఉండే పుల్లటి వాసన. ఆ వాసన నా బడి బట్టలకు కూడా ఉందేమోనని క్లాసులో వెనక బెంచీలో, కిటికీ పక్కన కూర్చునేదాన్ని. అవ్వ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి ఉన్ని వడికేది. గొంగడికి పట్టించడానికి చింతగింజల గంజి కాచిన రోజు ఇల్లంతా ఒక రకమైన కమ్మటి, వెగటు కలిసిన వాసన వేసేది. అమ్మ ఆ వాసన తలనొప్పి అనేది. బాపు ఆకలి అనేవాడు. ఇద్దరూ దాని మీదే వాదులాడుకునేవాళ్ళు.

బాపుకు మందను పిలిచే ఒక కూత ఉండేది. ప్రతి ఇంటికీ ఒక కూత ఉంటుంది మా వాళ్ళల్లో. వాగు దగ్గర నాలుగు మందలు కలిసిపోయినా ఎవరి కూతకు వాళ్ళ గొర్లు విడిపోయి వస్తాయి. బాపు కూత మొదట గొంతు పైకి పోయి, అక్కడ వణికి, ఆ తర్వాత మెల్లగా కిందికి జారేది. ఆయన వెళ్ళిపోయాక చిన్నాయన ఎంత ప్రయత్నించినా ఆ వణుకు రాలేదు. గొర్లు తల ఎత్తి చూసి మళ్ళీ మేతకు వంగేవి. "నీ కూత ఇంటే కోతులొస్తయి గని గొర్లు రావుర," అని అవ్వ ఎగతాళి చేసేది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, వరుసగా వానలు లేక మేత కరువైనప్పుడు బాపు వెళ్ళాడు. అందరూ దుబాయికో మస్కట్‌కో పోతుంటే, మా బాపుకు గొర్ల పని ఒక్కటే వచ్చు కాబట్టి ఏజెంటు కుర్దిస్తాన్‌కు పంపాడు. ఇరాక్ పేరు వినగానే అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"ఆడ లడాయి నడుస్తాంది గదరా?"

"లడాయి కిందికి. మేం పైన గుట్టల మీద, కుర్దోళ్ళ దిక్కు. ఆడ గొర్లు, మంచు తప్ప ఇంకేం లెవ్వంట."

"మంచుల గొర్లేం తింటయిరా?"

"పోయి చూసొచ్చి జెప్త తియ్యి."

సులేమానియా అనే పట్నానికి ఇరాన్ వైపున్న కొండల్లో ఒక గొర్ల ఆసామి దగ్గర ఆయన పని. చదువు అంతగా లేదు కాబట్టి రాసేవాడు కాదు, ఫోన్‌లో మాట పంపేవాడు. సాయంత్రం అన్నాలు తిన్నాక అమ్మ ఫోన్‌ను పెసల డబ్బా మీద నిలబెట్టేది. మేమంతా దాని చుట్టూ కూర్చునేవాళ్ళం. వాళ్ళు గుండెను దిల్ అంటారని, ఫికర్, గమ్, జాన్ అన్నీ మన దేవరకొండ బజారు మాటలే అక్కడ కూడా నడుస్తాయని, ఉర్దూ నాలుగు ముక్కలు రావడం వల్ల బతికిపోయానని చెప్పేవాడు. ఆయనతో పాటు మంద కాసే ఒక ముసలాయన ఉన్నాడు. సరిహద్దు అవతల, ఇరాన్ దేశంలో పుట్టి ఇవతలికి వచ్చినవాడు. పెద్దవాళ్ళను వాళ్ళు 'మామ్' అంటారట. బాపు 'కొండ మామ' అనేవాడు.

ఒకసారి బాపు ఆ కొండ మామ వీడియో పంపాడు. నడుముకు గుడ్డ చుట్టుకుని, వదులు పంట్లాం వేసుకుని, ఒక చేయి చెవి వెనక పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక ముసలాయన పాడుతున్నాడు. వాయిద్యం లేదు. ఆయన గొంతు ఎక్కడో ఎత్తున మొదలై, అక్కడే వణుకుతూ నిలిచి, మెల్లగా కిందికి దిగేది. అవ్వ ఫోన్ దగ్గరికి మొహం పెట్టి చూసింది.

"ఆయనకు పన్ను నొస్తాందా ఏంది, దవుడ పట్టుకున్నడు?"

అమ్మ నవ్వి, మాట పంపే గుర్తు నొక్కి, "నువ్వు గొర్లు కాయనీకె పోయినవా, పాటలు నేర్వనీకె పోయినవా?" అంది. మర్నాడు బాపు జవాబు వచ్చింది. "రెండు ఒక్కటే గాదె పిచ్చిదాన. గా పాట నా కూత లెక్కనే దిగుతది. కొండ మామ నా కూత ఇని, నువ్వు మా దిక్కే పుట్టినవ్ అంటుండు."

ఆ తర్వాత బాపు చాలా పంపాడు. పెద్ద జల్లెడంత గుండ్రటి దఫ్, దాని లోపలి అంచుకు వరసగా ఇనుప కడియాలు. కొట్టినప్పుడు డప్పు మోతతో పాటు గలగల కూడా వినిపించేది. దాన్ని వాయించేవాళ్ళు పొడుగాటి జుట్టు విరబోసి ఊగేవాళ్ళు. అవ్వ అది చూసి మా దర్గా ఉర్సులో ఫకీర్లు కూడా గిట్లనే ఊగుతరని చెప్పింది. చలికాలం పోయి కొత్త సంవత్సరం వచ్చిన పొద్దు వాళ్ళు గుట్టల మీద మంటలు వేస్తే, బాపు "మన కామునిపున్నం లెక్కనే ఉంది, ఇరానోళ్ళు గూడ గిదే పండుగ జేస్తరంట" అని నవ్వుతూ చెప్పాడు. నాకు ఆ వీడియోలంటే భయంగా ఉండేది. ఎవరితో చెప్పలేదు. బాపు మొహం ఎందులోనూ కనిపించేది కాదు. తీసేది ఆయన కాబట్టి ఎప్పుడూ ఫోన్ వెనకే ఉండేవాడు. మేము చూస్తున్నది ఆయన చూసినదే గానీ ఆయనను కాదు. పాట మధ్యలో ఒక్కోసారి ఊపిరి వినిపించేది, అంతే.

రెండో ఏడు చలికాలంలో మాటలు ఆగిపోయాయి. ఫోన్ మోగదు. ఆ పట్నంలోనే హోటల్లో పనిచేసే పక్క ఊరి మనిషిని అడిగితే, మంచులో ఒక బండి లోయలోకి జారిందని, అందులో హిందుస్తానీ ఒకడున్నాడని విన్నాననీ, అంతకన్నా తెలియదనీ చెప్పాడు. అమ్మ ఏజెంటు ఇంటి ముందు కూర్చుని వచ్చింది. కలెక్టరేట్‌కు కూడా తిరిగింది. ఎండాకాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం, తెలియని నంబరు నుంచి ఫోన్‌కు ఒక పాట వచ్చింది. మాట ఒక్కటి లేదు. కొండ మామ గొంతు. ఎత్తున మొదలై, వణికి, దిగి, ఆగిపోయింది. ఆ నంబరుకు చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ తర్వాత కూడా.

అవ్వ తమ్ముడిని పిలిపించింది. ఒగ్గు తాత శోకం పాడితే రాతి గుండె కరుగుతుందని పేరు. మా కులదేవుడు బీరప్ప కథలో తల్లి ఏడ్చే ఘట్టం వచ్చేసరికి ఆడవాళ్ళు వాళ్ళ వాళ్ళ చావులన్నీ తలుచుకుని ఏడ్చేవాళ్ళు. పీర్ల పండుగకు కూడా గుండం చుట్టూ తిరుగుతూ ముందు గొంతెత్తేది ఆయనే. హసన్ హుసేన్ల కోసం ఏడ్చే ఆ పాట ఇరాన్ నుంచి గుర్రాల మీద వచ్చిందని ఆయన చెబుతుండేవాడు. ఎవరు చెప్పారో ఏమో. ఆయన మా అరుగు మీద కూర్చుని, చెంబు నీళ్ళు తాగి, "ఏదీ పెట్టుండి," అన్నాడు. మిట్టమధ్యాహ్నం. వాకిట్లో ఒక్క కాకి కూడా లేదు.

మొదటిసారి నేల చూస్తూ విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ విన్నాడు. ఆ తర్వాతిసారి కళ్ళు మూసుకున్నాడు, కుడి చేయి తనంతట తానే లేచి చెవి వెనకకు పోయింది. తాత ఎన్నడూ అలా పాడేవాడు కాదు. పాడేటప్పుడు ఆయన చేతులు ఎప్పుడూ డోలు మీదో తాళాల మీదో ఉండేవి. కొండ మామ వీడియోను ఆయన చూడనే లేదు. ఫోన్‌లో పాట అయిపోయింది, కానీ నాకు తెలియలేదు. ఆగిన చోటే తాత అందుకున్నాడు. అదే ఎత్తు, అదే వణుకు, కానీ తెలుగు. పరాయి గుట్టల్లో పడిపోయిన కొడుకా, మంచే నీకు గొంగడాయెనా కొడుకా అని పాడుతూ, దిగుతూ దిగుతూ, చివర బాపు పేరు పెట్టేశాడు.

అవ్వ చేతిలో ఉన్ని తెగింది. మా వైపు ఒగ్గువాళ్ళు శోకంలో ఒకరి పేరు పెట్టి పాడితే దాన్ని వెనక్కు తీసుకోరు. అందుకే మనిషి ప్రాణంతో ఉండగా కథలో కూడా అతని పేరు రానివ్వరు, అదే పేరున్నవాడు ఎదురుగా కూర్చుంటే కథలో పేరు మార్చి చెబుతారు. అది తాతకు తెలియని సంగతి కాదు.

అమ్మ గుమ్మంలోంచి దూసుకొచ్చింది. "ఏం పని జేసినవ్ మామా!"

తాత కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు. మేము ఎందుకలా ఉన్నామో ఆయనకు కాసేపు అర్థం కానట్టుంది. "నేను జెయ్యలే బిడ్డా," అన్నాడు. "గా పాట నా నోట్లె పేరు పెట్టి పోయింది."

"పాటకు మనుషులు సస్తరా?"

"పీర్ల గుండం కాడ గిదే తీరు. మన కథల గిదే తీరు. ఏడుపు ఏ దేశందైనా ఏడుపేనమ్మా. వాళ్ళకు మన మాట రాక, పాటల పెట్టి కబురంపిన్రు."

ఆ సాయంత్రం, మంద ఇంటికి వచ్చే వేళకు అమ్మ ఫోన్ తీసుకుని దొడ్డి కాడికి పోయింది. నేను వెనకే వెళ్ళాను. గొర్లు ఇంకా బాట మీద, చెదురుమదురుగా ఉన్నాయి. చిన్నాయన కూతలు వేసి వేసి గొంతు బొంగురుపోయి ఉన్నాడు. అమ్మ ఆ పాట పెట్టి, ఫోన్‌ను తల మీదికి ఎత్తి పట్టుకుంది. మొదట మెడగంట పొట్టేలు నిలబడింది. ఆ తర్వాత నమలడం ఆగిపోయింది. అన్ని గొర్లకూ ఒకేసారి. అంత పెద్ద మంద చప్పుడు చేయకుండా నిలబడితే ఎలా ఉంటుందో నేను అంతకుముందు ఎరగను. పాట దిగడం మొదలుకాగానే అవి నడిచాయి, పరుగెత్తలేదు, బాపు కూత వేస్తే ఎలా వచ్చేవో అలాగే వచ్చి అమ్మ చుట్టూ నిలబడ్డాయి. చిన్నాయన మా మొహాలు చూడకుండా ఇంట్లోకి పోయాడు.

"సూడు అత్తా," అంది అమ్మ, గొర్ల మధ్య నుంచే. "ఆయన ఉన్నడు. పాటల ఉన్నడు. ఊపిరి ఇనొస్తలేదా నీకు? గొర్లకు తెల్వదా?"

మా వెనకే వచ్చిన అవ్వ దొడ్డి గోడ పట్టుకుని నిలబడింది. "గొర్లు బతికినోళ్ళ ఎంబడే పోతయని నీకెవ్వలు జెప్పిన్రు పిల్లా?" అంది.

పెద్దమనుషులు కూర్చున్నారు. పేరు పడ్డాక దినాలు చేయకపోతే ఆ మనిషి ఇటూ కాక అటూ కాక ఊరి పొలిమేరలో తిరుగుతాడని, ఇంట్లో ఆడపిల్ల ఉందని, అది నేనే, అన్నారు. మోదుగు ఆకులతో మనిషి బొమ్మ కట్టి, బాపు గొంగడిలో చుట్టి, మా మెట్ట చేను, చెల్క చివర బలుసు పొదల దగ్గర పాతిపెట్టారు. అమ్మ గాజులు తీశారు. అమ్మ ఏడవలేదని ఆడవాళ్ళు గుసగుసలాడితే, "ఏడ్సుడంత మా మామ ఏడ్సిండు గద, నాకేం మిగిలింది?" అంది వాళ్ళ మొహాల మీదే. ఆ తర్వాత కూడా ఫోన్‌కు రోజూ చార్జింగ్ పెట్టేది. గొర్లు మాత్రం ఆ చెల్క చివర మేయడం మానేశాయి. ఎండ ఎక్కాక అక్కడికే పోయి, ఆ చిన్న దిబ్బ చుట్టూ, మొహాలు లోపలికి పెట్టి పడుకునేవి. నీడ లేని జాగా అది.

వానలు వచ్చి పోయాయి. పత్తి ఏరే కాలం. బడికి సెలవు కావడంతో నేను మంద వెంట ఉన్నాను. ఒళ్ళో పుస్తకం ఉంది, చదువుతున్నాను. గొర్లు ఆ దిబ్బ చుట్టూ పడుకుని ఉన్నాయి. పాట వినిపించింది. ఫోన్‌ను అమ్మ తెచ్చిందేమోనని వెనక్కు చూశాను. అమ్మ లేదు. పాట రోడ్డు వైపు నుంచి, పత్తి చేల మధ్య బండ్ల బాట మీది నుంచి వస్తోంది. ఎత్తున మొదలై, వణుకుతూ. గొర్లు ఒక్కొక్కటీ లేచాయి. పాడుతున్న మనిషి కుంటుతున్నాడు. వదులు పంట్లాం. మొహం ఒక పక్కకు లాగేసినట్టుంది. దగ్గరికి వచ్చి "బిడ్డా," అన్నాడు. నేను పలకలేదు. ఒక్క పిలుపుకు పలకొద్దని, పోయినవాళ్ళు ఒక్కసారే పిలుస్తారని అవ్వ చెప్పి ఉంది. గొర్లు నన్ను తోసుకుంటూ ఆయన దగ్గరికి పోతున్నాయి. నా చేతిలో పుస్తకం కింద పడింది. ఆయన గొర్లలో మునిగి, నా వైపు చూసి మళ్ళీ "బిడ్డా, నేనే," అన్నాడు. అప్పుడు పలికాను.

ఇంటి దగ్గర ఆయన గుమ్మం ఎక్కబోతుంటే లోపలి నుంచి అవ్వ అరిచింది. "ఆగు! అడుగు పెట్టకు." ఆ గొంతులో కొడుకు వచ్చిన సంతోషం ఉంది, కానీ చేయి మాత్రం తలుపు గడియ మీద ఉంది. బాపు వాకిట్లో రాతి మీద కూర్చుని చెప్పాడు. బండి జారిన మాట నిజమే. కాలు, దవడ ఎముక విరిగాయి. ఫోన్ మంచులో పోయింది. కొండ మామ తన ఇంటికి తీసుకుపోయి చలికాలమంతా పడుకోబెట్టాడు. దవడ కట్టేసి ఉండడంతో మాట లేదు. అమ్మ నంబరు గుర్తొచ్చాక, బతికే ఉన్నానని ఇంటికి కబురు పంపమని వేళ్ళతో సైగ చేసి అడిగాడు. కొండ మామ కోడలు ఫోన్ పట్టుకుంది. ముసలాయన పాడాడు. మంచు కరిగి, మంద కొండెక్కే రోజున పాడే పాట అది. వయసులో ఉన్నవాళ్ళు నల్లబట్టల పిల్లను తలుచుకుని పాడే పాట. అది వింటే ఎవరికైనా తెలుస్తుంది, చలి అయిపోయింది, అంతా బాగుంది అని. ఆ తర్వాత వాళ్ళు మందతో పైకి పోయారు, అక్కడ ఫోన్ అందదు. నడవలేని బాపును గాడిద మీద వెంట తీసుకుపోయారు. మంద మళ్ళీ కిందికి దిగాక బాపు అటు నుంచి అటే ఇంటికి బయలుదేరాడు.

"పాట పంపినంక మీకు తెలిసిందే గదా అనుకున్న," అన్నాడు బాపు. "గంత మంచి పాట."

ఒగ్గు తాతను పిలుచుకు రావడానికి ఒక మనిషి వెళ్ళాడు. బాపు మా అందరి మొహాలూ చూసి, అమ్మ చేతులు చూసి, అప్పుడు అర్థం చేసుకున్నాడు.

"అమ్మా, నేను సావలేదే."

"నాకు తెల్వదారా? గని నీ పేరు సచ్చింది," అంది అవ్వ, తలుపు వెనక నుంచి. "గా పేరుతోని లోపలికి రాకు."

ఆ రాత్రి ఆయన దొడ్డిలో గొర్ల మధ్య పడుకున్నాడు. తెల్లవారి పెద్దమనుషుల మధ్య ఒగ్గు తాత తల ఎత్తలేదు. పాడింది వెనక్కు తీసుకోలేనని, కావాలంటే మళ్ళీ పుట్టించగలనని అన్నాడు. దొడ్డిలో ఎండుగడ్డి పరిచారు. అవ్వను కూర్చోబెట్టి మీద గొంగడి కప్పారు. బాపుకు తల గొరిగి ఆ గొంగడి కిందికి పంపారు. తాత డోలు మీద పుట్టుక పాట పాడాడు. గొంగడి కింది నుంచి బాపు కుంటికాలు బయటికే ఉంది, ఎంత ముడిచినా లోపలికి పోలేదు. ఆడవాళ్ళు నవ్వారు, గొంగడి కింద బాపు కూడా నవ్వాడు. అవ్వ లోపలే వీపు మీద చరిచింది. "పుట్టినోడు నవ్వడురా. ఏడువు." కాసేపటికి ఆయన ఏడ్చాడు. మొదట ఉత్తుత్తిగా, ఆ తర్వాత నిజంగా. ఆ తర్వాత ఎవరు చెప్పినా ఆగలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వు మానేశారు. గొర్రె పాలు నాలుక మీద వేసి, బీరయ్య అని చెవిలో పేరు పెట్టి ఇంట్లోకి తెచ్చారు.

మిగిలింది అమ్మ. ఈ బీరయ్యతో మళ్ళీ పుస్తె కట్టించుకోవాలి. "ఇష్టమేనా బిడ్డా, కొత్త మనిషి లెక్కన్నట్టే," అని తాత అడిగాడు, శోకం పాడినప్పటి నుంచి ఆమె మొహం చూడడం అదే మొదటిసారి.

"ఆయన పేరేందైతే నాకేంది మామా?" అంది అమ్మ. "పాత పేరన్న నేనెన్నడన్న పెట్టి పిలిచిన్నా?"

తాత అప్పుడు ఏడ్చాడు. పాట లేకుండా ఆయన ఏడవడం చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. జనం తక్కువగా ఉండే మధ్యాహ్నాల్లో ఆ పాటల గురించి చదువుతాను, చెవుల్లో పెట్టుకుని వింటాను. కొండ మామ పాడిన దాన్ని హౌరామాన్ కొండల్లో సియావ్‌చమానె అంటారని తెలిసింది. దానికి దగ్గరి చుట్టం లాంటిది హోరె, కింది కొండల కుర్దులు ప్రేమ గురించి, వేట గురించి పాడేది. వాళ్ళ పక్కనే ఉండే లూర్లు, లక్‌లు అనే జనం దాదాపు అదే గొంతుతో చావు దగ్గర పాడితే దాన్ని మూర్ అంటారు. తెలియని చెవికి ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. ఇరాన్ పట్నాల శాస్త్రీయ సంగీతంలో కూడా కుర్దుల పేరుతో బయాతె కోర్ద్ అని ఒక రాగ వరస ఉంది, అదీ అలాగే పై నుంచి దిగుతుంది. ఇవన్నీ చదివినప్పుడు ఒగ్గు తాత మీద కోపం పోయింది. ఆయన చెవి తప్పు విననే లేదు. ఆ ఏడుపు ఆ పాటకు చుట్టమే. ఇంటికి వచ్చింది చుట్టాల్లో ఎవరో ఆయనకు తెలియలేదు, అంతే. అప్పుడు మా ఇంట్లో ఒక ఫోన్, ఒక పాట. అది అర్థం కాక ఒక మనిషిని పాతిపెట్టుకున్నాం. ఇప్పుడు నా ఫోన్‌లో ఆ దేశపు పాటలు వందలున్నాయి, ప్రతిదాని కిందా అర్థం రాసి ఉంటుంది. ఏది విన్నా ఎవరికీ ఏమీ కాదు.

బాపు బాగానే ఉన్నాడు. గొర్లు ఇప్పుడు కొన్నే. ఆధార్‌లో, రేషన్ కార్డులో పాత పేరే ఉంది. దవాఖానలో ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయన లేవడు. చెవుడనుకుని నర్సు గట్టిగా పిలుస్తుంది, నేను లేచి వెళ్తాను. మందను పిలవడానికి నోటితో టిక్కుటిక్కుమని ఏదో చప్పుడు చేస్తాడు, ఆ పాత కూత మళ్ళీ ఎవరూ వినలేదు. తాత దినాల నుంచి వచ్చిన వారానికి, అమ్మ లోపల జొన్నరొట్టెలు చేస్తుంటే, మేమిద్దరం అరుగు మీద కూర్చుని ఉన్నాం. ఎన్నేళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను.

"బాపూ, కొండ మామ పాట ఒక్కపారి పాడవా?"

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. దాస్తున్నట్టుగా లేదు.

"నాకేడొస్తది బిడ్డా?"

"నువ్వే పాడుకుంట వస్తివి గద, పత్తి చేన్ల నుంచి. నేను ఇన్న."

లోపల రొట్టె చరిచే చప్పుడు ఆగింది. బాపు చెల్క చివర, బలుసు పొదల దగ్గరి దిబ్బ వైపు చూశాడు.

"అది నేను గాదు," అన్నాడు. "ఆయన."

ఆయనే, జాలిగా, ఊళ్ళో పోయినవాళ్ళ గురించి మాట్లాడుకునేటప్పుడు అనే తీరులోనే అన్నాడు.

"మంచిగ పాడుతుండె."